దూలాల మామ

కావలి నుంచి కోట దాకా సముద్రం వెంట పొయ్యేవాళ్లకు రొయ్యల గుంటలున్న ఊళ్లో ఒక దూలాల మామ తప్పక తగులుతాడు. అసలు పేరు ఆధార్ కార్డు మీద ఉంటుంది, ఊళ్లో ఎవరికీ గుర్తుండదు.

గుంట కట్ట మీద ఆయనకు సర్వి బాదులతో, రేకులతో వేసిన షెడ్డు ఒకటి ఉంది. వాచ్‌మనూ అతని బావమరిదీ కలిసి రెండు రోజుల్లో లేపేశారు. ప్లానూ గీనూ లేదు. గుంత తవ్వి, బాదు దించి, మట్టి తొక్కారు, అంతే. మేత మూటలు, సున్నం, ఏరియేటర్ రెక్కలు, డీజిల్ ఇంజను, నులక మంచం, ఒక కుక్క అన్నీ అందులోనే. మామకు ఆ షెడ్డంటే నామర్దా. నలుగురొస్తే కూర్చోబెట్టను దాని పక్కన కొయ్య మండపం ఉండాలంటాడు.

డాలస్‌లో కొడుకు దగ్గర ఉండి వచ్చినప్పుడు పట్టుకుంది ఈ పిచ్చి. అక్కడెవరో గొడ్ల కొట్టం పక్కన నాలుగు దిక్కులా తెరిచిన మండపం వేసుకుని, దాని కింద మాంసం కాల్చుకుంటున్నారట. అంత మండపానికి ఇనప మేకు ఒక్కటి లేదట.

"ఒక కొయ్యకు బెజ్జం తొలిచి, ఇంకో కొయ్య కొస అందులో దిగ్గొట్టి, అడ్డంగా కొయ్య చీల బిగిస్తారబ్బయా! మన ఉప్పుగాలికి ఇనప మేకు ఎన్నాళ్లుంటది?"

కాదనడానికి లేదు. మామతో వచ్చిన చిక్కే అది. ఆయన చెప్పే ముక్కలన్నీ సబబుగానే ఉంటాయి, కలిపి చూస్తేనే కొంప మునుగుతుంది.

వాస్తు సంగతే చూడండి. మనకు సముద్రం తూర్పున. తూర్పు పక్క బరువు పెట్టకూడదు కాబట్టి మండపం షెడ్డుకు పడమట రావాలి. అక్కడ కూర్చుంటే సముద్రం కనపడదు, షెడ్డు వీపు కనపడుతుంది. కాబట్టి మండపాన్ని షెడ్డుకన్నా ఎత్తు లేపాలి. ఈ మాట వినగానే వడ్రంగి ఆచారి తల గోక్కున్నాడు.

"సామీ, గోడల్లేని కప్పు కిందికి గాలి దూరిందంటే గొడుగు తిరగబడ్డట్టే. 89 నవంబరు తుపాను మర్చిపోయినావా?"

"అందుకే గదా, స్తంభానికీ దూలానికీ మూలన ఏటవాలు ఆనుడు కొయ్యలు పెట్టింది!" అని మామ మేత కంపెనీ డైరీ తెరిచాడు.

"అవి ఊగకుండా పట్టుకుంటాయి సామీ. ఎగరకుండా ఏది పట్టుకుంటది?"

స్తంభాన్ని షెడ్డు బాదులాగా భూమిలో పాతితే నేల మట్టం కాడ పుచ్చిపోతుంది. రాతి దిమ్మె మీద నిలబెడితే పుచ్చదు, గాలికి లేస్తుంది. లేవకుండా ఇనప పట్టీ వెయ్యాలి. ఇనుము వద్దనేగా ఇంత కథ! ఈ ముడి దగ్గర రెండు పంటలు పట్టుబడి అయిపోయాయి.

కొయ్య ఎంపికైతే వేరే పురాణం. టేకు ధర వింటే గుండె ఝల్లుమంటుంది. సర్వి మనూరి తోపుల్లోదే, ఎండితే పగుల్తుంది. తాటి దూలం గట్టిదే, దానికి బెజ్జం తొలవమంటే ఆచారి ఉలి సంచిలో వేసుకుని లేచాడు. అప్పుడు మామకు ఉదయగిరి కొయ్యపనివాళ్లు గుర్తొచ్చారు.

"వాళ్లు చెక్క గరిటెలు చేస్తారు గదా మామా?"

"అంత సన్నపు పని చేసేవాడికి స్తంభం ఒక లెక్కా?"

ఆయనకిదేం కొత్త జబ్బు కాదు. టైగర్ రొయ్య బంగారం పండిన రోజుల్లో ఇంటిమీద మేడ మొదలుపెట్టాడు. 90ల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలు తుడిచిపెట్టింది, గోడలు కిటికీల ఎత్తున ఆగాయి. 2009లో వనామీ రొయ్యకు సర్కారు తలుపు తీశాక మేడ సంగతి వదిలి కారు కొన్నాడు. కాబట్టి డైరీలో మండపం కొలతలు చూస్తే ఆ వారం రొయ్య ధర నేను చెప్పేయగలను. కిలోకు ముప్పై తూగే 30 కౌంటు రొయ్య రేటు లేస్తే మండపానికి ఉయ్యాల బల్ల వస్తుంది. తగ్గితే ముందు బల్ల పోతుంది, తర్వాత చూరు కురచవుతుంది.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. మన రొయ్యకు పెద్ద బేరగాడు ఆ దేశమే. ఎనిమిది స్తంభాల మండపం ఆ రాత్రికి నాలుగు స్తంభాలకు దిగింది. ఏ దేశంలో చూసి మనసు పడ్డాడో ఆ దేశమే సగం పీకేసింది పాపం.

వాచ్‌మను జాలిపడి, "ఎందుకు సామీ ఈ అవస్థ, షెడ్డుకే పక్కన ఇంకో రెండు బాదులు పాతి పందిరి వేస్తా, రేపు మధ్యాన్నానికి అయిపోద్ది" అన్నాడు. మామ మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆ పందిరి కింద కూర్చునే, డైరీలో షెడ్డుకూ మండపానికీ మధ్య ఎడం ఎన్ని అడుగులుండాలో లెక్క వేశాడు.

మొన్న పొద్దున్నే ఫోను. రేటు కాస్త కదిలిందంట.

"అబ్బయా, పైన చిన్న గది వేస్తే మెట్లు యే పక్క పెడదాం?"