రాత్రిపాళి రౌతు (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

జంషెడ్‌పూర్ కార్ఖానాలో తొలి ఉక్కు దిమ్మ 1912 ఫిబ్రవరి 16న దిగింది. ఎనిమిది గంటల పని కూడా ఆ ఏడే మొదలైంది. రోజుకు ఇరవైనాలుగు గంటలు, వాటిలో ఎనిమిదులు మూడు. ఆ మూడిట్లో ఒకటి చీకట్లో పడక తప్పదు. ఈ పద్యానికి పుట్టుక అక్కడ. కర్త ఎవరో వ్యాఖ్యాతకు తెలుసు, చెప్పడు. కదమాలోనో సోనారీలోనో కాపురముంటూ, సెలవు పూట బిష్టుపూర్ రామమందిరానికి వెళ్ళొచ్చే తెలుగువాడని మాత్రం పద్యం పోకడే చెబుతోంది.

మూలం

పెట్టె మీది లెక్క పెద్దని మురియక
చిమ్మచీకటెచట చిక్కబడునొ
దాని మేర కొనుము దారికి దీపము
రాత్రిపాళికేగు రౌత! వినుము

ప్రతిపదార్థం

రాత్రిపాళికి = సి షిఫ్టుకు, అనగా రాత్రి పదింటికి గేటులోకి దూరి పొద్దున ఆరింటికి బయటపడే డ్యూటీకి; ఏగు = పోయే; రౌత = ఓ సైకిలు సవారీ చేసేవాడా; వినుము = చెవిన పెట్టు; పెట్టె మీది = దీపం ఉన్న అట్టపెట్టె మీద అచ్చేసిన; లెక్క = ల్యూమెన్ల సంఖ్య; పెద్దని = పెద్దదిగా ఉందని; మురియక = పొంగిపోక; చిమ్మచీకటి = కాటుక చీకటి; ఎచట = నీ దారిలో ఏ చోట; చిక్కబడునొ = ముద్దకడుతుందో; దాని మేర = ఆ చోటికి చాలినంత; దారికి = దారి మీద పడేదాన్ని, ఎదుటివాడి మొహం మీద కాదని భావం; దీపము = హెడ్‌లైటును; కొనుము = డబ్బిచ్చి పుచ్చుకో. బేరమాడి అని శేషం.

తాత్పర్యం

రాత్రి డ్యూటీకి సైకిలు మీద పోయేవాడా, అంకెలు చూసి మోసపోకు. నీ దారిలో అన్నిటికంటే చీకటిగా ఉండే ముక్క ఏదో చూసుకుని, దానికి సరిపడే దీపం కొను.

విశేషాలు

"రాత్రిపాళి" ఉపలక్షణం. దీన్నిబట్టి మిగతా షిఫ్టులనూ గ్రహించాలి. బి షిఫ్టువాడు రాత్రి పది దాటాక ఇల్లు చేరాలి. ఎ షిఫ్టువాడు ఆరింటికల్లా గేటు దగ్గరుండాలి. డిసెంబరులో ఆరు దాటాక గాని తెల్లవారదు. కాబట్టి చలికాలంలో ఈ పద్యం ముగ్గురికీ వర్తిస్తుంది. "సీ షిఫ్టు" అనే అనొచ్చు కదా అంటారేమో. అది త గణం, ఇక్కడ కావలసింది సూర్యగణం. ఛందస్సు యాజమాన్యం కంటే గట్టిది.

"లెక్క" దగ్గర కొంచెం ఆగాలి, పద్యానికి ఆయువుపట్టు ఇక్కడే ఉంది. పెట్టె మీద "వెయ్యి ల్యూమెన్లు, ఆరు గంటలు" అని ఉంటుంది. మంచి ఎల్‌ఈడీ కూడా నష్టాలన్నీ పోను వాటుకు వంద ల్యూమెన్ల దగ్గర ఇస్తుంది. వెయ్యికి పది వాట్లు, ఆరు గంటలకు అరవై వాట్‌అవర్లు. ఇలాంటి దీపాల్లో ఉండేది 18650 అనే లిథియం సెల్లు, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఒక్కోదానిలో నిలవుండేది పదికి అటూఇటూ వాట్‌అవర్లు, బరువు 45 గ్రాముల చిల్లర. ఆ లెక్కన పెట్టె మాట నిజం కావాలంటే సెల్లులే ఆరు, పావుకిలో పైన తూగాలి. మీ చేతిలోని దీపం మొత్తం వంద గ్రాములు లేదు. సాక్చీ బజారులో నిలబడి కాగితం, కలం లేకుండా చేయగల సత్యశోధన ఇది. సెల్లు మీద 9900 మిల్లీయాంపియర్ అవర్లని రాసి ఉంటే బేరం కూడా ఆడక్కర్లేదు, చక్కా వచ్చేయొచ్చు; ఆ సైజు సెల్లు నిజంగా మోసేది మూడున్నర, నాలుగు వేల దగ్గర ఆగిపోతుంది.

మరి ఎంత కావాలి? గంటకు 15 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు నాలుగు మీటర్ల పైన. గుంత కంటపడి చెయ్యి బ్రేకు మీదికి పోయేలోపే అయిదారు మీటర్లు అయిపోతాయి, తడిసిన రిమ్ము మీద బ్రేకు పట్టేసరికి ఇంకో నాలుగైదు. పది పన్నెండు మీటర్ల ముందు నేల తెలిస్తే చాలు. రెండొందల ల్యూమెన్లు నేల మీదికి వంచితే ఆ పని అయిపోతుంది. రెండు వాట్లే కనుక ఒక సెల్లుతో అయిదు గంటలు వస్తుంది. వారానికి రెండుసార్లు ఛార్జింగు పెట్టుకుంటే డ్యూటీకి పోయి రావచ్చు.

"చిమ్మచీకటెచట" అన్నచోట విరోధాభాసం. పాతరోజుల్లో కరిగిన స్లాగు పారబోసినప్పుడల్లా ఊరి మీద ఆకాశం ఎర్రబడేది. మార్చి 3న, కంపెనీ వ్యవస్థాపక దినానికి, జూబిలీ పార్కు దీపాలతో పట్టపగలౌతుంది. ఇలాంటి ఊళ్ళో చిమ్మచీకటేమిటని విరోధం. ఆకాశం ఎర్రబడితే కాళ్ళ కింద గుంత కనబడదని పరిహారం. అదీకాక కంపెనీ వీధుల్లో దీపాలు వరుసగా ఉంటాయి గాని అందరి ఇళ్ళూ అక్కడే లేవు. సువర్ణరేఖ దాటి మాంగో, ఖర్కాయి దాటి ఆదిత్యపూర్. డిమ్నా రోడ్డు పట్టుకుని దల్మా కొండల వైపు పోతూంటే వెలుగు పలచబడుతుంది. దారంతా కలిపి సగటు తీసి దీపం కొనకూడదు. సగటు మీద ఎవడూ పడడు, గుంతలోనే పడతాడు.

ఇక్కడ పూర్వపక్షి లేచి, "నా ఇల్లు బిష్టుపూర్‌లోనే, నడుమ చీకటే లేదు, నాకెందుకు దీపం?" అంటాడు. సమాధానం: దీపానికి రెండు పనులు, చూడటం ఒకటి, కనబడటం ఒకటి. నీకు రెండోదే కావాలి. మూడు నాలుగొందల రూపాయల దీపం చాలు, అంతకు మించి పెడితే అది ముచ్చట కిందికి వస్తుంది. వంతెన దాటేవాడికి ఆ రేటులో పని జరగదు, వెయ్యి దాటాలి. అదే పూర్వపక్షి మళ్ళీ, "ఫోనులో టార్చి ఉందిగా?" అంటాడు. ఫోను పట్టుకున్న చెయ్యి బ్రేకు పట్టదు. ఆ వెలుగు చుట్టూ పరుచుకుంటుందే గాని ముందుకు పోదు. తర్వాతి ప్రశ్న.

పెద్దవాళ్ళది డైనమో సంప్రదాయం. టైరుకు రాసుకుంటూ తిరిగే ఆ సీసా ఆరు వోల్టులు, మూడు వాట్లు పుట్టించేది. ఛార్జింగు లేదు, పెట్టె లేదు, పెట్టె మీద అబద్ధమూ లేదు. అయితే సైకిలు ఆగితే దీపమూ ఆగేది, ఎదురుగాలిలో కాలికి ఇంకాస్త బరువు. అప్పట్లో దీపం లేని సైకిలును పోలీసు ఆపేవాడు. ఇప్పుడు ఆపేవాడు లేడు కనుక కొనేవాడూ తగ్గాడు.

పాఠాంతరం: "దారికి దీపము" దగ్గర "దండిగ దీపము" అని కొన్ని ప్రతుల్లో ఉంది. యతి చెడదు, గణం చెడదు, అయినా అది దుకాణదార్ల ప్రక్షిప్తమని నా నిశ్చయం. దండిగా ఉన్న వెలుగు గుండ్రంగా చిమ్మితే సగం చెట్లకూ సగం ఎదురొచ్చేవాడి కళ్ళకూ పోతుంది, దారికి మిగిలేది మిగిలినంత. జర్మనీ రోడ్డు నిబంధనలు సైకిలు దీపానికి కూడా పై అంచు కోసిన వెలుగే కావాలంటాయి, మిణుకుమిణుకుమనే ముందుదీపాన్ని ఒప్పుకోవు. అలా కోసిన దీపం మన బజారులో దొరికితే నూరో ఇన్నూరో ఎక్కువిచ్చి తెచ్చుకోవచ్చు. దొరక్కపోతే నేలకు వంచి బిగించడమే గతి.

బిగించడం గురించి కవి మౌనం. రాడ్ బ్రేకుల పాత సైకిలుకు హ్యాండిలు పొడవునా కడ్డీలుంటాయి, రబ్బరు పట్టీ సరిగా కూర్చోదు. ట్యూబు ముక్క చుట్టి బిగించాలి. టిఫిన్ సంచీ కూడా హ్యాండిలుకే వేలాడుతుంది కనుక వెలుగంతా సంచీకే చాలు. ఫోర్కు దగ్గర పాతకాలపు దీపం కొక్కెం ఉంటే అదే మంచి తావు. ఒక్క గుంజుతో ఊడివచ్చేదై ఉండాలి, సైకిలు స్టాండులో వదిలిపోతే వదిలేసుకున్నట్టే. వానాకాలానికి ఐపీఎక్స్4 అని రాసి ఉంటే చాలు, అన్ని వైపుల చిందులకూ తట్టుకుంటుంది. నీళ్ళలో ముంచినా బతికే ఐపీఎక్స్7 సువర్ణరేఖలో ఈదేవాళ్ళకు.

దోషం: ఇంత చెప్పిన కవి వెనక దీపం మాట ఎత్తలేదు. ఇది న్యూనపద దోషం, క్షమించరానిది. ముందుదీపం మనకోసమూ ఎదురొచ్చేవాడికోసమూ. ఉక్కు చుట్టలు వేసుకుని వెనకనుంచి వచ్చే ట్రైలరుకు అది అసలే కనబడదు. సీటు కింద ఎర్రదీపానికి, మడ్‌గార్డు మీద రిఫ్లెక్టరుకు కలిపి రెండొందలు ఎత్తిపెట్టుకుని, మిగిలినదానితోనే ముందుదీపం బేరానికి దిగాలి. ఆటవెలదికి నాలుగే పాదాలు, చోటు లేదని కవి అంటాడు. ట్రైలరు డ్రైవరు ఒప్పుకోడు.