గేటు పాసు మావయ్య

మా మావయ్య విశాఖ ఉక్కు కర్మాగారంలో కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవాను అడక్కముందే పాసు చూపించి, ఇంటికొచ్చి బీరువా తాళంచెవి బీరువా మీదే పెట్టే రకం. ఇలాంటి పెద్దమనిషి మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు.

వాట్సాప్ అంటే ఆయనకి చులకన. "అది పిల్లలాట అల్లుడూ" అంటారు. 1988లో ఫిన్లాండ్‌లో యార్కో ఓయికరినెన్ తయారుచేసిన పాతకాలపు చాటింగ్ పద్ధతి ఐఆర్‌సీలో, షిఫ్టు మిత్రుల కోసం ఓ చానల్ పెట్టారు. పాస్‌వర్డు కొట్టందే లోపలికి రానివ్వదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మీసం చూడాలి.

పాస్‌వర్డు నెలకోసారి మారుస్తారు. ప్లాంటులో ఒకటో బ్లాస్ట్ ఫర్నేసు గోదావరి, రెండోది కృష్ణ, మూడోది అన్నపూర్ణ. కాబట్టి జనవరిలో గోదావరి, ఫిబ్రవరిలో కృష్ణ, మార్చిలో అన్నపూర్ణ, ఏప్రిల్లో మళ్లీ గోదావరి. ఉక్కునగరంలో పాలపేకెట్లు వేసే కుర్రాడైనా వచ్చే నెలది ఈ నెలే చెప్పేస్తాడు. ఎవరైనా మర్చిపోతే మావయ్య కూర్మన్నపాలెం బస్టాపులో నిలబడి, ఫోన్లో అక్షరం అక్షరం అరిచి చెప్తారు. చెవుడు అవతలి మనిషికే. బస్టాపులో వాళ్లందరికీ శుభ్రంగా వినిపిస్తుంది.

పాస్‌వర్డు వెళ్లే దారిలోనూ అంతే. "మీరు వాడే 6667 పోర్టులో టీఎల్‌ఎస్ గుప్తీకరణ ఉండదు మావయ్యా, పాస్‌వర్డు ఉన్నదున్నట్టు పోతుంది, మధ్యలో కాపుకాసినవాడు చదివేసుకోవచ్చు" అన్నాను. "పోర్టు గురించి నాకు చెప్తావేట్రా? మన ఊళ్లో 1933 నుంచీ ఉంది" అన్నారు.

ఇంత చేసీ ఊరికి భద్రతా పాఠాలు చెప్పేది ఈయనే. 2019 డిసెంబరులో సోషల్ మీడియా స్నేహాల వలలో పడి రహస్యాలు బయటపెట్టారన్న ఆరోపణపై ఏడుగురు నావికాదళ సిబ్బందిని అరెస్టు చేశారు. ఆ ఆపరేషన్‌కి పోలీసులు మన డాల్ఫిన్స్ నోస్ కొండ పేరే పెట్టారు. అది చదివిన రోజు మావయ్య సాయంత్రం దాకా ఉపన్యాసం దంచారు: "తాళం ఎవడూ పగలగొట్టలేదురా. లోపలున్నోడే తలుపు తీశాడు!" నూటికి నూరుపాళ్లూ నిజం. చెప్పింది మాత్రం బస్టాపు మనిషి.

ఓసారి ప్లాంటు ప్రైవేటీకరణ మీద మాటా మాటా పెరిగి, ఓ రిటైర్డ్ ఫోర్‌మన్‌గారిని చానల్ నుంచి గెంటేశారు. ఆయన అదే పాస్‌వర్డుతో తిరిగొచ్చి "నమస్కారం" అన్నారు. ఈసారి మావయ్య తెలివిగా ముందు పాస్‌వర్డు మార్చి, తర్వాత గెంటారు. కానీ ఐఆర్‌సీలో పాస్‌వర్డు మారిస్తే, కొత్తది ఆ క్షణంలో లోపలున్న అందరి తెర మీదా పడుతుంది. ఫోర్‌మన్‌గారు 'కృష్ణ' అని చదువుకుని, హాయిగా గెంటించుకుని, మళ్లీ "నమస్కారం" అన్నారు. ముందు గెంటి, తర్వాత మార్చమని చెప్పాను. అందరికీ ఒకటే తాళంచెవి ఇచ్చాక ఒక్కడి దగ్గర్నుంచి దాన్ని లాక్కోవడం కుదరదనీ చెప్పాను. మావయ్య శ్రద్ధగా విని, రాసుకుని, ఆ కాగితం కంప్యూటర్‌కే అంటించారు.

చెప్పినట్టే చేశారు కూడా. ఫోర్‌మన్‌గారిని పకడ్బందీగా గెంటి, పాస్‌వర్డు 'అన్నపూర్ణ' చేశారు. గంటైంది, ఆయన రాలేదు. మావయ్య రెండుసార్లు లేచి టీ తాగారు. చివరికి ఫోన్ తీసి విసుక్కున్నారు:

"ఏటోయ్, రావేటి? పాస్‌వర్డు నీకెవరూ చెప్పలేదేటి? ఏం మనుషులోయ్!"