నాయనమ్మ ఆమెన్ అనదు

డిసెంబరు 31 రాత్రి మా గుంటూరు చర్చిలో వాచ్ నైట్ ఆరాధన చివర్లో పళ్ళెంలో వాగ్దానం కార్డులు తెస్తారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఒక ఏడాది నాకు యాకోబు పత్రిక 4:8 వచ్చింది. దేవుడికి మనం దగ్గరైతే ఆయనా మనకు దగ్గరవుతాడని దాని సారాంశం. పక్కనున్న మా బావమరిదికి శత్రువులంతా పారిపోతారని వచ్చింది. వాడికి శత్రువులెవరూ లేరు, అప్పులవాళ్ళే ఉన్నారు. అయినా పొంగిపోయాడు. నాకు మాత్రం వాగ్దానం వచ్చినట్టు లేదు, పని పడినట్టుంది.

పద్దులు రాసుకు బతికేవాణ్ణి కాబట్టి దగ్గరవడం అనగానే ముందు లెక్కే తోచింది. బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం అయిదు చొప్పున చదివితే ఏడాదిలో అయిపోతుంది. ఆదికాండము 50 అధ్యాయాలూ టీవీ సీరియల్లా నడిచాయి. అన్నదమ్ముల పోరు, ఆస్తి తగాదా, చీకట్లో పెళ్ళికూతుర్నే మార్చేసిన మామ. నిర్గమకాండములో కప్పలూ ఈగలూ మిడతలూ వచ్చినంతసేపూ బాగానే ఉంది. సముద్రం దాటి కొంత దూరం పోయాక గుడారం కొలతలు మొదలయ్యాయి. ఇన్ని మూరల తెర, దానికి ఇన్ని గుండీలు. మా ఇల్లు కట్టిన మేస్త్రీ అందులో సగం వివరం ఇచ్చినా నాకు అంత అప్పయ్యేది కాదు. జనవరి నెలాఖరుకు లేవీయకాండములో అడుగుపెట్టాను. మూడో అధ్యాయంలో, మూత్రగ్రంథుల మీది కొవ్వు దగ్గర రిబ్బను పెట్టి పడుకున్నాను. మట్టల ఆదివారం వచ్చింది, రిబ్బను మాత్రం కదల్లేదు.

ఈలోగా శుక్రవారం ఉపవాస ప్రార్థనలకూ వెళ్ళాను. వాటి గురించి ఎక్కువ చెప్పను. రెండింటికి ముగింపు ప్రార్థన, ఆ వెంటనే పులిహోర. పదకొండింటి నుంచే వెనక షెడ్డులోంచి తాలింపు వాసన వస్తుంటే, ఆ మూడు గంటలూ నేను ఎవరి సన్నిధిలో ఉన్నానో ఆయనకే తెలుసు.

అసలు చిక్కంతా ప్రార్థనతో వచ్చింది. "ఒరే, ఆ ఫ్యానెయ్యి" అనే ఈ నోరే, మోకాళ్ళు నేలకు ఆనగానే "మహోన్నతుడవైన తండ్రీ, నీ పాదముల చెంతకు వచ్చియున్నాము" అని అందుకుంటుంది. గదిలో ఉన్నది నేనొక్కణ్ణే, అయినా వచ్చియున్నాము! 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన నాటి తెలుగు మా ప్రార్థనల్లో ఇంకా చెక్కుచెదరలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారి వాడుకభాష పత్రికల్ని గెలిచింది, కథల్ని గెలిచింది. మా చర్చి దాకా వచ్చి, చెప్పులు విప్పి, గుమ్మం బయటే కూర్చుండిపోయింది. ఇందులో ఇంకో వింత ఉంది. పాస్టరు అయ్యగారిని మేం "మీరు" అంటాం, దేవుణ్ణి "నీవు" అంటాం. పిలుపేమో సొంతవాణ్ణి పిలిచినట్టు, మిగతా వాక్యమంతా తహసీల్దారుకు పెట్టుకున్న అర్జీ.

ఒక గృహప్రవేశంలో భోజనాల ముందు అయ్యగారు నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. సృష్టితో మొదలుపెట్టాను. దేశాధినేతల మీదుగా రైతుల దగ్గరికి, సైనికుల దగ్గరికి వెళ్ళి, పరీక్షలు వ్రాయుచున్న విద్యార్థులను కూడా జ్ఞాపకము చేసుకొమ్మన్నాను. అవి దసరా సెలవులు. కళ్ళు తెరిచేసరికి మాంసం కూర మీద కొవ్వు పేరుకుంది. మళ్ళీ లేవీయకాండమే గుర్తొచ్చింది.

మా నాయనమ్మకు చదువు రాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరి గారివి మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా పాడుతుంది. పందొమ్మిదో శతాబ్దపు సమాసాలన్నీ ఆమె బోసినోట్లో సుఖంగా సర్దుకుంటాయి. పాట అయిపోయిందా, ఇక ఆమె తెలుగు ఆమెదే. పొయ్యి దగ్గర నిలబడి, "ఏందయ్యా, నిన్న చెప్పిన మాట ఏం చేశావు? చిన్నోడి జొరం తగ్గలా. గ్యాసు కూడా అడుక్కొచ్చింది, చూస్తన్నావుగా" అంటుంది. పక్కింటావిడ సంగతులు కూడా ఆయన చెవిన వేస్తుంది. వాటిని విజ్ఞాపన అనాలో, చాడీ అనాలో అయ్యగారే తేల్చాలి. మధ్యలో పాలు పొంగితే "ఉండయ్యా" అని దేవుణ్ణే ఆపుతుంది.

చాలాకాలం విన్న తర్వాత నాకొక లోపం దొరికింది. "నాయనమ్మా, అంతసేపు మాట్లాడతావు గానీ చివర్న ఆమెన్ అనవేంటే?" అన్నాను, లెక్కలో తప్పు పట్టుకున్నవాడిలా.

"ఆమెనంటే ఫోను పెట్టేసినట్టేగదరా. నాకింకా పనుంది" అంది.

మర్నాడు పొద్దున్నే ముందుగదిలో మోకరించాను. "మహోన్నతుడవైన" దాకా వచ్చి ఆపాను. నాలుక మీద ఇంకేమీ లేదు. గోడ మీద గడియారం చప్పుడు వింటూ చాలాసేపు అలాగే ఉండి, చివరికి గొంతు సవరించుకున్నాను.

"అయ్యా, లేవీయకాండం నావల్ల కావట్లేదు. ఆ కొవ్వు దగ్గరే ఉన్నాను, జనవరి నుంచీ."

అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది. చెవులు వేడెక్కాయి.

"ఎవర్తోరా, పొద్దున్నే?" వంటింట్లోంచి నాయనమ్మ.

"నీ ఫోన్లోనే, నాయనమ్మా."

"అయితే పెట్టెయ్యమాక. గ్యాసు సంగతి ఇంకా తేలలా."