కొల్లేటి ఒడ్డున భోజనం ఎక్కడండీ?

నవంబరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి, ఈమధ్య డల్లాస్ నుంచి కూడా. అందరిదీ ఒకటే ప్రశ్న: “కొల్లేరు వెళ్తున్నాం, భోజనం ఎక్కడ బాగుంటుంది?” మాది ఆ పక్క ఊరే అయినందుకు వచ్చిన తిప్పలివి. పక్షులు ఎక్కడుంటాయని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. పక్షుల సంగతి ఫోనులో చూసుకుంటారట. పులుసు సంగతి మాత్రం మనిషే చెప్పాలట.

నేను సూటిగా జవాబు చెప్పను. తెలియక కాదు, చెబితే నమ్మరు. కొల్లేటి చుట్టుపక్కల చేప తినాలంటే హోటలుకి మాత్రం వెళ్లొద్దు. ఇదీ నా జవాబు. ఈ మాట అన్నవాణ్ణి అవతలివాళ్లు ఎలా చూస్తారో ఫోనులో కనపడదు గానీ, వినపడుతుంది.

వాళ్ల అనుమానంలోనూ న్యాయం ఉంది. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య పళ్లెంలా పరుచుకున్న సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వగైరాలు తెచ్చిపోసిన నీళ్లు అందులో కాసేపు సేదతీరి, ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికి పోతాయి. 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. చుట్టూ చూస్తే ఎటు చూసినా నీళ్లు, నీళ్లల్లో చేపలు, చేపల కోసం కాచుకున్న గూడబాతులు. ఇంత సరంజామా ఉన్నచోట గుప్పెడు చేపల కూర దొరకదంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

నమ్మనివాళ్లు కైకలూరు నుంచి ఆకివీడు దాకా రోడ్డు వెంట ఒక్కో బోర్డూ చదువుకుంటూ వెళ్లండి. దమ్ బిర్యానీ, ఫ్రై పీస్ బిర్యానీ, ఫ్యామిలీ ప్యాక్, ఆ పైన మండీ. కింద చిన్నక్షరాల్లో నూడుల్స్, గోబీ మంచూరియా. చేప కోసం కళ్లు కాయలు కాచేలా వెతికితే ‘అపోలో ఫిష్’ దగ్గర తగులుతుంది. చేపని ఆనవాలు దొరక్కుండా ముక్కలు కోసి, కార్న్‌ఫ్లోర్‌లో ముంచి, ఎర్రరంగు పట్టించి, పైన కరివేపాకు కప్పి తీసుకొచ్చే వంటకం అది. ఇంతకీ ఇది ఏ చేప నాయనా అని వడ్డించే కుర్రాణ్ణి అడిగాను. “బోన్‌లెస్సండి” అన్నాడు.

చాలాచోట్ల అది ఫంగస్. కంగారుపడకండి, రోగం కాదు. పంగాసియస్ అనే పెంపుడు చేపకి చెరువు గట్ల మీద జనం పెట్టుకున్న పేరది. తొందరగా పెరుగుతుంది, ముళ్లు తక్కువ, రుచి విషయంలో ఎవరితోనూ పేచీ పెట్టుకోదు.

మరి అసలు చేపలన్నీ ఏమైపోతున్నట్టు? కలకత్తా పోతున్నాయి, గౌహతి పోతున్నాయి. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ అని అభయారణ్యం లోపలి చెరువుల గట్లు పగలగొట్టిన మాట నిజమే గానీ, చుట్టుపక్కల మండలాల్లో ఇప్పటికీ వరి చేనుకన్నా చేపల చెరువే ఎక్కువ కనపడుతుంది. తెల్లవారకముందే వల లాగుతారు, కాటా వేస్తారు, ట్రేలో ఒక వరస ఐసు, ఒక వరస చేప, మళ్లీ ఐసు. అక్కణ్ణుంచి లారీ. మన శీలావతి, మన బొచ్చె బెంగాల్లో దిగి రుయి, కాత్లా అని పేర్లు మార్చుకుని ఆవముద్దలో మునుగుతాయి. బెంగాలీల పెళ్లిళ్లలో మగపెళ్లివారు పెద్ద చేపకి చీర కట్టి, బొట్టుపెట్టి ఆడపెళ్లివారింటికి సారె పంపుతారు. అలా మన ఆకివీడు చేప అక్కడ పట్టుచీర కట్టుకుని పెళ్లికి వెళ్తుంటే, మన పర్యాటకుడు ఇక్కడ ఆ లారీ పక్కనే కారాపుకుని బ్రెడ్ ఆమ్లెట్ తింటూ ఉంటాడు.

ఈ అన్యాయమేమిటో కనుక్కుందామని రోడ్డువార ఓ మెస్సు యజమానిని నిలదీశాను.

“ఏవండీ, చేపల పులుసు పెట్టరేం?”

“ఎవరు తింటారండీ ఇక్కడ?”

“మీరు తినరా?”

“ఎందుకు తినమండీ, ఇంటికాడ రోజూ అదే గదా. నాలుగు డబ్బులు చేతిలో పడి హోటలుకొచ్చినోడు మళ్లీ చేపలే తింటాడా? బిర్యానీ తింటాడు గానీ.”

తిరుగులేని మాట. పైగా ఆయన చెప్పని కారణం ఇంకోటి ఉందని నా అనుమానం. ఈ ప్రాంతంలో చేపల పులుసు వండి ఊరందరికీ పెట్టడం చాలా గుండెధైర్యం కావలసిన పని. తిన్న ప్రతివాడూ “మా అమ్మ చింతపండు ఇంత వెయ్యదు” అంటాడు. రెండోవాడు “మా అత్తగారు మెంతులు దించే ముందు వేస్తుంది” అంటాడు. బిర్యానీకి ఆ బాధ లేదు. ఎవరి అమ్మా రోజూ బిర్యానీ వండదు కాబట్టి పోల్చి తిట్టడానికి ఆధారం లేదు.

అలాగని ఆకలితో తిరిగి రమ్మని చెప్పడం లేదు. దారి ఉంది. పొద్దున్నే సంతలోనో రోడ్డు పక్కనో పెద్ద కత్తిపీట ముందేసుకుని కూర్చున్న ఆవిడ దగ్గరికి వెళ్లాలి. ఆవిడ ముందున్న బేసిన్లో కొర్రమీనులు బతికే ఉంటాయి, అప్పుడప్పుడూ ఒకటి ఎగిరి మీ చొక్కా మీద నీళ్లు చల్లుతుంది. ధర అడక్కండి. ఆవిడ ముందు మీ బూట్లు చూస్తుంది, ఆ తర్వాత కారు నంబరు ప్లేటు చూస్తుంది, అప్పుడు ధర పుడుతుంది. కొర్రమీను రాజుగారి చేప, ముల్లు ఒక్కటే, పిల్లలకీ పెట్టొచ్చు. కానీ నన్నడిగితే బొమ్మిడాయిలే తీసుకోమంటాను. సన్నగా, జారుగా ఉంటాయి. బూడిదేసి రుద్ది జిగురు వదలగొట్టడానికి ఒళ్లొంచాలి. వండటానికి చెయ్యి తిరగాలి. తినడానికి ఓపిక ఉండాలి. ఇన్ని ఇబ్బందులు పెట్టేది రుచిగా ఉండక ఏం చేస్తుంది?

“శుభ్రం చేసిస్తాను సరే, వండేదెవరు బాబూ? మీ ఆడోళ్లు రాలేదా?” అని అడుగుతుంది ఆవిడ. వచ్చిన ఆడవాళ్లు కారులోంచి దిగరు, సెలవు పెట్టుకుని వచ్చింది చేపలు తోమడానికి కాదని వాళ్ల ఉద్దేశం. మగవాళ్లు ఆకాశంలో పక్షుల్ని చూస్తారు. అప్పుడు ఆవిడే జాలిపడి, “మా తోడికోడలు వండుద్దిలే, నూనె, ఉప్పూకారం డబ్బులు ఆవిడకియ్యండి” అంటుంది. ఇదీ అసలు హోటలు. దీనికి బోర్డుండదు, రేటింగుండదు. పొద్దున్నే ఫోను చేసి చెబితే వండిపెట్టే చిన్న మెస్సులూ ఉన్నాయి. “ఆర్డరిస్తే చేస్తామండి” అనే మాట వినపడిన చోట కారు ఆపండి.

ఆ తోడికోడలుగారు వెడల్పాటి గిన్నెలో ఉల్లిపాయలు వేయించి, కారం వేసి, చింతపండు పులుసు పోసి, అది బాగా మరిగాక ముక్కలు వదులుతుంది. ముక్క పడ్డాక గరిటె పెట్టడం మహాపాపం. గుడ్డతో గిన్నె రెండు పక్కలా పట్టుకుని గుండ్రంగా తిప్పడమే. మన బృందంలో ఒకాయన సాయం చెయ్యబోయి గరిటె అందుకుంటాడు, ఆవిడ కేక వేస్తుంది, ఆయన ఇక సాయంత్రం దాకా నోరెత్తడు. “అయిందా అమ్మా?” అంటే “అయిపోయిందండి” అంటుంది. అంటే ఇంకో అరగంట ఉందని అర్థం. “ఆఁ, వడ్డించేస్తున్నా” అంటే అన్నానికి ఎసరు పెట్టిందని అర్థం.

ఇంకో చిక్కు పంచాంగంతో వస్తుంది. వలస పక్షులు కొల్లేటికి చేరేది అక్టోబరు, నవంబరుల్లో. మార్చి దాటితే సర్దుకుని పోతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మనకి కార్తీకం, అయ్యప్ప మాలలు, వెనకాలే ధనుర్మాసం. ఓ బృందాన్ని పోగుచేసి తీసుకెళ్లామా, అందులో ఒకరు మాలలో ఉంటారు, ఒకరు కార్తీకం నెలంతా నీచు ముట్టరు, ఒకరికి శనివారం, డల్లాస్ నుంచి వచ్చినాయన కీటో, అన్నం ముట్టడు. చేపల మీద ఉత్సాహమంతా డ్రైవరొక్కడిదే. ఆ సీజన్లో కొల్లేటి మీద ఏ నియమమూ పెట్టుకోకుండా మూడు పూటలా చేపలు తినేది గూడబాతులు మాత్రమే.

ఆటపాకలో పడవెక్కితే ఆ వైభోగం దగ్గర్నుంచి చూడొచ్చు. అటవీశాఖవాళ్లు నీళ్లల్లో ఇనుప స్టాండ్లు పాతారు, వాటి మీదా చెట్ల మీదా గూళ్లు. తల్లి గూడబాతు గొంతు సంచిలో చేపలు నింపుకుని వస్తుంది, పిల్ల తలకాయంతా తల్లి నోట్లో దూర్చి తింటుంది. పొద్దుటి నుంచి తిండి లేక పడవెక్కిన మనుషులు ఆ దృశ్యాన్ని ప్రకృతి ప్రేమతో చూస్తున్నారనుకుంటే పొరపాటే. వాళ్ల కళ్లల్లో ఉన్నది అసూయ.

నియమాలున్నవాళ్లు నిరాశపడక్కర్లేదు, ఈ ఊళ్లల్లో శాకాహారం తీసిపారేసేది కాదు. ఆవపెట్టిన కంద బచ్చలి కూర, ముద్దపప్పు, పక్కన గడ్డపెరుగు. మాలలో ఉన్న స్వామి వాటితోనే ఆకు ఖాళీ చేసి, పులుసు తింటున్నవాళ్ల వంక చూసి ఒకసారి గట్టిగా శరణుఘోష చేశాడు. భక్తితోనే అనుకున్నాం.

టిఫిను సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. దానికి మాత్రం ఊరి లోపలి పాక హోటళ్లకే వెళ్లాలి, రోడ్డు మీది అద్దాల హోటళ్లకి కాదు. ఇడ్లీ మీద అల్లం పచ్చడి, కారప్పొడి, ఎవరూ అడక్కుండానే వేసే రెండో గరిటె చట్నీ. తొమ్మిది దాటాక వెళ్తే గిన్నెలు తోముతూ కనపడతారు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా చలికాలపు తేగలే దిక్కు. కాల్చిన తేగ ఒకటి చేతికిస్తే పట్నం పిల్లలు దాన్ని ఏ వైపు నుంచి కొరకాలో తెలీక అటూ ఇటూ తిప్పి చూస్తారు.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దారి వేరు. మొక్కులు తీర్చుకునేవాళ్లు గిన్నెలూ పొయ్యిలూ బియ్యంతో సహా దిగి, అక్కడే వండుకుంటారు. ఫాల్గుణంలో జాతరప్పుడైతే కాలు పెట్టే చోటుండదు. అలాంటి రోజున పొయ్యి పొగ వచ్చే దిక్కున అమాయకంగా నిలబడండి చాలు. “ఎవరండీ తమరు? ఏ ఊరు?” అంటారు. ఊరు చెప్పగానే అక్కడ వాళ్లకో చుట్టం ఉంటాడు. “ఒరేయ్, ఈయనకో ఆకెయ్యరా” అని కేక పడుతుంది. మొహమాటపడి రెండుసార్లు వద్దనాలి. మూడోసారి అంటే నిజంగానే వదిలేస్తారు, జాగ్రత్త.

ఇవేవీ కుదరని మరీ దగ్గరివాళ్లని మాత్రం నేరుగా మా పిన్ని ఇంటికి పంపేస్తాను. కొల్లేటి గట్టు ఊరు. డల్లాస్ ఆయన్నీ, వాళ్లావిణ్ణీ అలాగే పంపాను. బొమ్మిడాయిల పులుసు ముందు ఆయన కీటో ఒక్క పూట కూడా నిలబడలేదు. ఆవిడ నోటుబుక్కు తీసి “చింతపండు ఎంత వేశారు పిన్నిగారూ?” అని అడిగింది. “పట్టినంతమ్మా.” “ఉప్పు?” “సరిపడా.” “ఎంతసేపు ఉడికించారు?” “ఉడికేదాకా.” ఆవిడ అవన్నీ శ్రద్ధగా రాసుకుంది.

లేచేముందు పిన్ని ఒక మాట అంది. “ఇవాళ ఏముందమ్మా, పులుసు ఇంకా ముక్కకి పట్టలేదు. చేపల పులుసంటే రేప్పొద్దున తినాలి, చద్దన్నంలోకి.” అంతే, వాళ్లు రైలు టిక్కెట్లు రద్దు చేసుకున్నారు. రాత్రి నిద్ర సరిగా పట్టలేదట. తెల్లారి స్నానాలు చేసి, కబుర్లతో పొద్దు గడిపి, చివరికి పీటల మీద కూర్చుంటే పిన్ని పెద్ద గిన్నె తెచ్చి మూత తీసింది. చికెన్ బిర్యానీ.

“పులుసు…” అని నసిగాడాయన.

“అయ్యో, నిన్నటి కూర పెడతామా బాబూ అతిథులకి? అదీ వరసగా రెండో రోజు చేపలు పెడితే ఏమనుకుంటారు? మీ బాబాయిగారు పొద్దున్నే కైకలూరు వెళ్లి కోడిని తెచ్చారు, మొహమాటపడకండి” అంది పిన్ని. బాబాయి అప్పటికే వంటింట్లో చద్దన్నం ముందు కూర్చుని, పులుసు గిన్నె అడుగున గరిటె చప్పుడు వినపడకుండా చాలా జాగ్రత్తగా గీకుతున్నాడట.