మ్యాట్నీ దోస్తులు

నల్లగొండలో నా జిరాక్స్ దుకాణం పక్క సందులోనే ఒక టాకీసు ఉంది. లోపలికి సంచులు రానివ్వరు. అందుకని ఊళ్ల నుంచి మ్యాట్నీకి వచ్చేవాళ్లు కొందరు "జర చూస్తుండు బిడ్డా" అని నా బల్ల కింద పెట్టి పోతుంటారు. ఈ కాకలిద్దరూ అట్లా పరిచయమైనవాళ్లే. ఒకాయనది ధోతి, భుజాన తువ్వాల. రెండో ఆయనది ప్యాంటు, జేబులో కళ్లద్దాల డబ్బీ. మునుగోడు దిక్కు ఊరు. నెలకో నెలన్నరకో ఒకసారి వస్తారు. కొత్త బొమ్మ పడే శుక్రవారమని లేదు. సోమవారమో బుధవారమో, వాళ్ల లెక్కేందో నాకు అంతుబట్టేది కాదు. ధోతి కాక ముందొస్తాడు. పది నిమిషాలకు ప్యాంటు కాక ఇంకో గల్లీలోంచి వస్తాడు. సంచులు మాత్రం ఒకే తీరు, ఎరువుల కంపెనీ బొమ్మతో, మూతికి పురికొస కట్టి.

టికెట్లు ఈసారి ఈయన తీస్తే మళ్లీసారి ఆయన. టికెట్లు తీయనాయన ఇంటర్వెల్లో ఉల్లిగడ్డ సమోసాలు కొనాలి. ఆట విడిచినంక నా మెట్ల మీద కూచొని చాయ్ తాగుతూ తీర్పు చెబుతారు. స్టార్లూ మార్కులూ ఏం లేవు. నిద్రొచ్చిందా, రాలేదా. వాళ్ల మాట విని నేను పైసలు మిగిలించుకున్న సినిమాలు చానా ఉన్నాయి. పేర్లెందుకు లెండి, హీరోలకు నా దుకాణం సందులోనే అభిమాన సంఘాలున్నాయి.

మొదటిసారి వాళ్లొచ్చింది 2019లో, 'మల్లేశం' ఆడినప్పుడు. ఆ మల్లేశం మన పాత నల్లగొండ జిల్లాలోని శారాజీపేట మనిషే. నేతపనిలో ఒక్క చీరకు ఆసు పోయాలంటే తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించాలి. తల్లి భుజం పడిపోతుంటే చూడలేక మిషన్ చేసిండు. సినిమా ఎట్లుందని అడిగితే ధోతి కాక ఒక్కటే అన్నాడు: "తల్లి కోసం గంత తిప్పలు పడ్డడు బిడ్డా." ప్యాంటు కాక చాయ్ గ్లాసులోకి చూస్తూ ఊరుకున్నాడు. ఆ వేషం కట్టిన ప్రియదర్శి అప్పట్నుంచి వాళ్లకు మల్లేశం పిలగాడే.

'ఆర్ఆర్ఆర్'కు నిద్ర రాలేదు. నాటు నాటు అప్పుడు ధోతి కాక కాలు కూడా ఆడిందట. కోపం మాత్రం ఆఖర్న వచ్చింది. "జల్ జంగల్ జమీన్ భీముని మాట. జెండా మీద దాన్ని రామరాజు తోని రాయిస్తడా? మాట మనది, రాత ఆళ్లదా?" అని అరగంట వాదించాడు. 'భీమ్లా నాయక్' గురించి ప్యాంటు కాక, "మొదట్ల మన పాలమూరు మొగిలయ్య కిన్నెర తోని పాడిండు సూడు, గాడికే నా టికెట్టు వసూలైంది" అన్నాడు. 2022 అక్టోబర్లో ఏ సినిమాకూ పోలేదు. అది మునుగోడు ఉప ఎన్నిక ప్రచారం నడిచిన నెల. "ఊర్లెనే దినాం నాలుగాటలు నడుస్తున్నయి, టికెట్టు లేకుండ" అన్నారు.

'పుష్ప 2' ముందురోజు రాత్రి ప్రీమియర్‌కు టికెట్ మీద 800 రూపాయలు పెంచుకోవచ్చని సర్కారు ఉత్తర్వు ఇచ్చిందని నేను పేపర్లో చదివి వినిపిస్తే, ధోతి కాక వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఉపాధి పనికి అప్పుడు దినానికి 300. "అంటే మూడు దినాలు మట్టి తవ్వి మూడు గంటల సినిమా సూడాలె." రేట్లు దిగినంక సంక్రాంతి దాటి చూశారు. మూడు గంటలు దాటిన సినిమా. హీరో బాగా చేసిండని ఒప్పుకున్నారు గానీ ఆరు గంటల బస్సు తప్పిపోయినందుకు అల్లు అర్జున్‌ను ఇద్దరూ క్షమించలేదు. 'సంక్రాంతికి వస్తున్నాం'కు కడుపుబ్బ నవ్వారు. ఎందుకు నవ్వారో బస్టాండుకు పోయేసరికి యాదికి రాలేదట. 'కల్కి'లో అశ్వత్థామ వేషం మెచ్చుకొని, "2898 సంవత్సరమట! గప్పటికన్న తెగుతదో లేదో" అని ఒకాయన అంటే రెండో ఆయన పగలబడి నవ్వాడు. ఏం తెగాలని నేనడగలేదు.

2025 మార్చిలో 'కోర్ట్' వచ్చింది. ఆ రోజు తీర్పు ఇద్దరిదీ ఒక్కటే. "మల్లేశం పిలగాడు నల్లకోటు మంచిగ మోసిండు. కని కథంత అబద్ధం."

"ఎందుకు కాకా? అందరు మెచ్చుకున్నరు గదా."

"రెండున్నర గంటల్ల తీర్పొచ్చింది" అన్నాడు ప్యాంటు కాక.

వాళ్లు తీర్పు చెప్పని సినిమా ఒక్కటే, 'బలగం'. 2023 మార్చి చివరన చూశారు. ఆ రోజు ఆట విడిచినంక ధోతి కాక తువ్వాల ప్యాంటు కాక చేతిలో ఉంది. తడిసి ఉంది. చాయ్ కూడా వద్దని సంచులు తీసుకొని చెరో గల్లీలో పోయారు. ఇద్దరు దోస్తులు, ఎవరింట్లోనో చావు యాదికొచ్చిందేమో అనుకున్నా.

2025 ఆగస్టులో వాళ్లు 'కూలీ' చూడబోయిన మధ్యాహ్నం వాన పడ్డది. నా దుకాణానిది రేకుల కప్పు, సరిగ్గా బల్ల కిందికి కారింది. సంచులు అడుగున తడిసినయి. పురికొస విప్పి కాగితాలు బయటికి తీసి ఫ్యాన్ కింద పరిచాను. చదవాలని కాదు. దినాం ఇసుమంటి కాగితాలే జిరాక్స్ తీసే కండ్లు, నంబరు దగ్గరికి వాటంతటవే పోతాయి. అసలు దావా. రెండు కట్టల మీదా అదే నంబరు, అదే సంవత్సరం, 2017. వాది, ప్రతివాది. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. తండ్రి పేరు ఒకటే. కింద షెడ్యూలులో ముప్పై రెండు గుంటల చెలక, తల్లి పేరు మీద.

ఏ కట్ట ఏ సంచిలోదో నాకు గుర్తు లేదు. కాగితాలు కలిసిపోయినయి. ఆట విడిచేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. వాది కాగితం ప్రతివాదికి పోతే ఏమవుతుందో నాకు తెలియనిది కాదు.

వచ్చి చూసి ధోతి కాక ఏమీ అనలేదు. మెట్ల మీద కూచొని కాగితాలు ఒక్కొక్కటే అరచేత్తో తుడుస్తూ రెండు కుప్పలు చేశాడు. "గిది నాది. గిది మా తమ్మునిది. గిది గూడ తమ్మునిదే." ప్యాంటు కాక కళ్లద్దాలు తీసి పెట్టుకొని, ఒక కాగితం అన్న కుప్పలోంచి తీసి తన దాంట్లో వేసుకొని, ఇంకోటి తన దాంట్లోంచి తీసి అన్నకిచ్చాడు.

ఆరేళ్లుగా వాళ్లను దోస్తులనుకుంటున్న నేను నోరు తెరిచి చూస్తున్నా.

"పేషీకొస్తం బిడ్డా" అన్నాడు ధోతి కాక. "పిలుస్తరు, వాయిదా ఏస్తరు, పన్నెండు గాదు. బస్సేమో ఆరింటికి. ఊర్లె మా ఇద్దరికి మాటల్లేవు. నేను ఆయన గడప తొక్కితే నా కొడుకు నాకు బువ్వ పెట్టడు."

"నాకు గూడ" అన్నాడు తమ్ముడు.

నాకు ఇంకోటి యాదికొచ్చింది. 2024 మేలో జనం రావట్లేదని తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు కొన్నాళ్లు మూసేశారు. అప్పుడొకరోజు వీళ్లిద్దరూ వచ్చి, గేటుకు తాళం చూసి, నా మెట్ల మీద సాయంత్రం దాకా కూచొని పోయారు. మేలో సివిల్ కోర్టుకు ఎండాకాలం సెలవులు. ఆ రోజు పేషీ ఎక్కడిది?

అది అడగలేకపోయా. ఇంకోటి అడిగా.

"మరి బలగం సూసిన్రు గద కాకా. ఆ సినిమా సూసి ఎన్నో ఊర్లల్ల అన్నదమ్ములు కలిసిన్రని పేపర్ల రాసిన్రు."

"మా ఊర్లె గూడ ఏసిన్రు" అన్నాడు ధోతి కాక. "బడి కాడ తెర గట్టిన్రు. ఊరు ఊరంత వచ్చింది. నేను మావోళ్ల తోని ఈ మూలకు. ఈయన వాళ్లోళ్ల తోని ఆ మూలకు. ఆఖర్ల ఆ పాట పాడేటప్పుడు ఆడోళ్లు మొగోళ్లు అందరు ఏడ్సిన్రు."

"మీరు?"

"నా కొడుకు నన్నే సూస్తుండె. ఏడిస్తే కేసు ఇడిసిపెట్టినట్టే అనుకుంటడు."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. ప్యాంటు కాక సంచి మూతికి పురికొస కట్టుకుంటున్నాడు. రెండేళ్లుగా బాకీ ఉన్న తీర్పు కదా, వదలబుద్ధి కాలేదు.

"ఇంతకు బలగం ఎట్లుంది కాకా?"

ఆయన తలెత్తకుండానే చెప్పాడు.

"నల్లగొండల సూపర్ హిట్టు బిడ్డా. మా ఊర్లె ఫ్లాపు."