పట్టా లేని టిప్పరు, పద్ధతిగా పగిలే అద్దం

సూర్యాపేట నుంచి కోదాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి మీద నిబంధనలు తు.చ. తప్పకుండా పాటించేది ఒక్కటే: కారు ముందద్దం. పగిలేటప్పుడు కూడా పద్ధతిగానే పగులుతుంది.

పక్కద్దాలకు అంత ఓర్పు లేదు. బాగా కాల్చి గాలితో చప్పున చల్లార్చిన గాజు కదా, పగిలిందంటే పలుకులు పలుకులుగా ఒళ్లో రాలిపోతుంది. ముందద్దంలో గాజు పలకలు రెండు. నడుమ మిల్లీమీటరు మందం కూడా లేని ప్లాస్టిక్ పొర. చిన్న కంకర తగిలితే పై పలకకే పెచ్చు లేస్తుంది, లోపలి పలకకు కబురైనా అందదు. రాయి పెద్దదైతే అద్దం లోపలికి వంగుతుంది. వంగితే సాగేది వెనకవైపు గనక పగులు అక్కడే పుట్టి నాలుగు దిక్కులా పరుగెడుతుంది. ఆ చీలికల్ని కలుపుతూ వలయాలు. ఇంత జరిగినా ఒక్క పెంకునూ మొహమ్మీద పడనివ్వదు ఆ పొర. 1909లో దీనికి పేటెంటు పొందిన ఫ్రెంచి రసాయనవేత్త ఎడ్వార్ బెనెడిక్టస్ పాపం మన టిప్పర్లను చూడలేదు.

ముందద్దంలోంచి నూటికి డెబ్బై పాళ్లు వెలుతురు రావాలని 1989 నాటి మోటారు వాహనాల నిబంధనలు లెక్కగట్టాయి. నల్ల ఫిల్మే వద్దని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఫిల్మును గోటితో గీకి మరీ చూసే దొరలకు, పక్కనుంచే కంకర రాల్చుకుంటూ పోయే టిప్పరు ఎందుకో ఆనదు. టిప్పర్లో పట్టా లేదనుకునేరు. ఉంది, శుభ్రంగా మడిచి క్యాబిన్ మీద పెట్టి ఉంది.

అదే మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు లారీ చూడండి: చినుకు పడితే బస్తా గడ్డకడుతుందని తాళ్లు బిగించి మరీ పట్టా కడతారు. మిర్యాలగూడ మిల్లుల బియ్యం లోడుకూ అదే భోగం. సరుకు పాడైతే నష్టం షావుకారుది. కంకర జారితే నష్టం వెనకొచ్చే కారుది, ఆ మాత్రానికి పట్టా ఎందుకు దండగ? పైగా అడిగితే జవాబు సిద్ధం: రాయి రోడ్డు మీద దొర్లుతోంది, వంద స్పీడులో వచ్చి దాన్ని కొట్టింది మీరే కదా సార్!

పైన ఎండ, లోపల ఏసీ. ఆ రెంటి మధ్య పగులు రోజుకింత పాకి ఫాస్టాగ్ దాకా వస్తుంది. కొర్లపహాడ్ టోల్‌గేటులో డబ్బులు మాత్రం ఠంచనుగా కట్టవుతాయి. అద్దం మారిస్తే ఆ స్టిక్కరూ పనికిరాదు, కొత్తది కొనాలి. అదీ మన జేబులోంచే.