మెయిన్ ఆపాను, పంతం ఆపలేదు

మీ దగ్గర దాచడమెందుకు? ఇంట్లో టెస్టరూ స్క్రూడ్రైవరూ ఉంటే చాలు, మనలో చాలామందికి కరెంటు పని వచ్చేసినట్టే. నాకా నమ్మకం మరీ ఎక్కువ. ఫ్యూజు పోతే తీగ చుట్టాను, ట్యూబులైటుకు స్టార్టర్ మార్చాను, ఇస్త్రీపెట్టెకు ప్లగ్గు బిగించాను. ఇంటిల్లిపాదీ "ఆయనకన్నీ తెలుసు" అనేవారు. ఆ మాట చెవికి అలవాటు పడ్డాక "నాకు తెలీదు" అనాలంటే గొంతు పెగలదు. ఆ ఒక్క ముక్క అనలేక ప్రాణం మీదికి తెచ్చుకున్నాను.

మాది తెనాలి దగ్గర పాత పెంకుటిల్లు. నడిమింటి మీద చెక్క అటక. గంగాళాలు, గుండిగలు, బొమ్మల కొలువు పెట్టె, ఎవరూ చదవని పుస్తకాలు, అన్నీ దానిమీదే. సంక్రాంతికి కొత్తల్లుడు వచ్చాడు, కొలువు ఘనంగా పెట్టాలి, బొమ్మలు దించండి అంది మా ఆవిడ. ఎక్కాను. పెట్టె పక్కకి జరిపి ఫోను లైటు వేస్తే గుండె జారిపోయింది. చెక్కపట్టీ మీద పారిన వైరును మూరెడు మేర ఎలకలు కొరికేశాయి. ఎర్రదీ నల్లదీ రెండు తీగలూ రాగి బయటపడి పక్కపక్కనే ఉన్నాయి. వాటి కిందే, కొండపల్లి బొమ్మలకు చుట్టిన కాగితాలు చింపి ఎలకలు గూడు పెట్టుకున్నాయి.

ఎలక ముందుపళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. అరగదీసుకోవడానికి దానికి ఏదో ఒకటి కొరకాలి. వైరు మీది ప్లాస్టిక్కు పంటికి సులువుగా దిగుతుంది. పైతొడుగు పోయినంత మాత్రాన బల్బు ఆగదు, అందుకే కింద ఎవరికీ తెలియలేదు. ఆ దీపం కిందే మేమందరం రోజూ అన్నాలు తిన్నాం.

అక్కడే దిగిపోయి ఉంటే ఈ కథే లేదు. కానీ కింద అల్లుడు నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. "మామయ్యగారూ, ఎలక్ట్రీషియన్‌ని పిలుద్దామా?" అన్నాడు మర్యాదగా. మా ఆవిడ కూడా "పండగ పూట మీకెందుకండీ ఆ పని?" అంది. "ఇంత చిన్నదానికి మనిషెందుకు బాబూ, ఆ టేపు చుట్ట ఇలా అందుకో" అన్నాను. అల్లుడి ముందు ఓ మెట్టు పైన కనబడాలనే కోరిక ఏ మామగారికి ఉండదు చెప్పండి?

మెయిన్ ఆపమన్నాను. ఫ్రిజ్ రొద ఆగింది. ఇంకేముంది, ఇల్లంతా కరెంటు చచ్చిపోయిందని తేల్చేశాను. పట్టపగలు, దీపాలు వెయ్యలేదు, చలికాలం, ఫ్యాన్లు తిరగట్లేదు. టెస్టర్ నా జేబులోనే ఉంది, తీసి పెట్టి చూడలేదు, మోకాళ్ల మీద ముందుకు జరిగాను, అల్లుడికి వినబడేలా ఇన్సులేషన్ గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను, రెండు తీగల్నీ విడదీద్దామని బొటనవేలూ చూపుడువేలూ వాటి మధ్య పెట్టాను, అంతే, చెయ్యి మణికట్టు దాకా జివ్వున గుంజేసింది, ఉపన్యాసం కేకగా మారింది, తల వెళ్లి వాసానికి కొట్టుకుంది, మోచెయ్యి తగిలి గుండిగ దొర్లి పెద్ద చప్పుడుతో కింద పడింది, వీధి వీధంతా మా గుమ్మంలోకి వచ్చేసింది.

మెయిన్ ఆగగానే ఇన్వర్టర్ అందుకుంది. దాని సంగతే నాకు గుర్తు లేదు. బ్యాటరీ 12 వోల్టులదే అయినా, అది లైన్లోకి పంపేది మాత్రం 230 వోల్టులు. దీపం ఆర్పి ఉన్నా, స్విచ్చి దాకా వచ్చే ఫేజు తీగలో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఇవన్నీ నాకు తెలియని సంగతులు కావు. తెలుసన్న ధీమాలో తెలిసినవి కూడా గుర్తురాకుండా పోయాయి. పంతం చేసే పని అదేననుకుంటాను.

కరెంటు పని చేసే పెద్దాయన వచ్చాక అంతా విని, కాసేపు నా చెయ్యే చూశాడు. "రెండు తీగలూ ఒక చేతి వేళ్లకే తగిలాయి కాబట్టి కరెంటు ఆ వేళ్ల మీదుగానే తిరిగిపోయిందండీ. అదొక చేత్తో ఇదొక చేత్తో పట్టుకునుంటే గుండె మీదుగా పోయేది" అన్నాడు. ఆ మాట విని మా ఆవిడ కూర్చున్నచోటే కళ్లు తుడుచుకుంది. కరెంటు షాక్ కన్నా ఆ కన్నీళ్లే నన్ను ఎక్కువ కదిలించాయి.

ఆయన టేపు జోలికే పోలేదు. వేసవిలో పెంకుల కింద వేడికి టేపు జిగురు ఎండి ఊడొస్తుందట. వదులైన జాయింటు వేడెక్కి నిప్పురవ్వలు రాల్చినా, కరెంటు హద్దు దాటనంతవరకు ఎంసీబీ పడిపోదట. కింద కాగితాల గూడు ఉన్నచోట ఆ రవ్వ ఒక్కటి చాలు. మెగ్గర్ పెట్టి 500 వోల్టుల మీద ఇన్సులేషన్ పరీక్షిస్తే, పాత లైను మొత్తం పనికిరాదని తేలింది. దాన్ని పీకేసి, పైపులో కొత్త రాగి వైరు లాగి, జాయింట్లన్నీ మూత ఉన్న పెట్టెల్లో పెట్టాడు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా బిగించాడు. కరెంటు మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోతుంటే అది పసిగట్టి లైను తెంచేస్తుంది. అయితే నాలా ఫేజూ న్యూట్రలూ రెండూ కలిపి పట్టుకున్నవాణ్ణి అది కాపాడలేదని కూడా చెప్పాడు. ఎన్ని పరికరాలు పెట్టుకున్నా చివరికి మన బుద్ధే అక్కరకు రావాలి.

అందుకే మిమ్మల్ని బతిమాలుతున్నాను. పండగ సామాన్ల కోసం అటక ఎక్కినప్పుడు వైర్ల వైపు ఒక్కసారి లైటు వేసి చూడండి. కొరికిన తీగ కనబడితే ముట్టుకోకండి. దిగి వచ్చి, మెయినూ ఇన్వర్టరూ రెండూ ఆపి, పని తెలిసిన మనిషి వచ్చేదాకా ఆ గదిలోకి పిల్లల్ని రానివ్వకండి. అల్లుడి ముందు "నాకు తెలీదు, పిలిపిద్దాం" అంటే తగ్గే మర్యాద ఏమీ లేదు. మా అల్లుడి ముందు ఇప్పుడు నేను ధైర్యంగా ఆ మాట అంటున్నాను. మీరూ అనండి.